ప్రత్యర్థి మెడ మన చేతుల్లో ఉంటుంది

(చెన్నై పెరంబూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక కుస్తీ కోచ్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఫోన్లు కాస్త జేబులో పెట్టుకోండి. ఇవాళ మాట్లాడేది ఆ ఫోన్ల గురించే.

నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఒక ప్రో రెజ్లర్, అంటే టీవీ షోల్లో కుస్తీ ఆడే మనిషి, ఎప్పుడో సోషల్ మీడియాలో ఎవరినో కించపరుస్తూ ఏదో రాశాడు. అది ఇన్నాళ్లకు బయటపడింది. అతని కెరీర్ నిలబడుతుందా, పోతుందా?

పెద్దవాళ్లలో కొందరికి, ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈని అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనేవాళ్లు. ఆ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు లేని ఇల్లు మన చిన్నతనంలో ఉండేదా? ఎత్తు ఎంత, బరువు ఎంత, ర్యాంకు ఎంత అని ఎండాకాలం సెలవులన్నీ ఆడుకున్నాం. అండర్‌టేకర్ అనే రెజ్లర్‌కి ఏడు ప్రాణాలని నమ్మాం. ఇప్పటి పిల్లలు చూడటంతో ఆగడం లేదు. నా దగ్గరికి కుస్తీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఏటా ఒకరో ఇద్దరో అడుగుతారు, "సార్, డబ్ల్యూడబ్ల్యూఈకి ఎలా వెళ్లాలి?" అని. అది గాలిలో మేడ కాదు. 2017లో హర్యానా నుంచి వెళ్లిన కవితా దేవి డబ్ల్యూడబ్ల్యూఈ మహిళలకు పెట్టిన 'మే యంగ్ క్లాసిక్' అనే టోర్నమెంటులో సల్వార్ కమీజ్‌తోనే రింగులోకి దిగింది. 2019లో ముంబైలో ట్రయల్స్ పెట్టారు. 2023 సెప్టెంబర్ 8న మన హైదరాబాద్ గచ్చిబౌలిలో పెద్ద షో జరిగింది. దారి ఉంది. ఉంది కాబట్టే ఈ విషయం మనకు కావాలి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ప్రో రెజ్లింగ్ అంతా ఫేక్ అంటారు కదా? గెలుపు ఎవరిదో ముందే నిర్ణయిస్తారు, అది నిజం. కానీ పడటం ఫేక్ కాదు. నేను నేర్పే కుస్తీలో ప్రత్యర్థిని పడేస్తే చాలు. ప్రో రెజ్లింగ్‌లో ప్రత్యర్థిని పడేసినట్టు కనిపించాలి, అతనికి దెబ్బ తగలకుండా చూడాలి. రెండూ ఒకేసారి చేయాలి. తలకిందులుగా ఎత్తినప్పుడు ఆ మనిషి మెడ ఎవరి చేతుల్లో ఉంది? ఎత్తినవాడి చేతుల్లో. సర్కస్‌లో ఊయల వదిలేసి గాల్లోకి దూకే అమ్మాయి అవతలి ఊయల మీద వేలాడేవాడి చేతుల్ని ఎలా నమ్ముతుందో, ఇదీ అంతే.

నమ్మకం ఉన్నా ప్రమాదం జరుగుతుంది. 1997 ఆగస్టులో సమ్మర్‌స్లామ్ షోలో ఓవెన్ హార్ట్ పట్టులో పొరపాటు జరిగి స్టీవ్ ఆస్టిన్ మెడకు దెబ్బ తగిలింది. కొద్దిసేపు ఆయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. 1999 అక్టోబరులో డీలో బ్రౌన్ ఎత్తి పడేసినప్పుడు డ్రోజ్ అనే రెజ్లర్ మెడ విరిగింది. మళ్లీ నడవలేకపోయాడు. 2009లో జపాన్ రెజ్లర్ మిసావా హిరోషిమాలో మ్యాచ్ మధ్యలో వెనక్కి పడి ప్రాణమే పోగొట్టుకున్నాడు. డ్రోజ్ 2023లో చనిపోయాడు. బతికినంత కాలం డీలో బ్రౌన్‌ని తప్పు పట్టలేదు. ఎందుకు పట్టలేదు? ఆ మనిషి తనకు కీడు తలపెట్టడని అతనికి తెలుసు. చేయి జారిందని తెలుసు.

ఆ ఎత్తిన మనిషి డ్రోజ్ జాతిని, కులాన్ని, భాషను పురుగుల్లా చూస్తూ రాసిన పోస్టు డ్రోజ్ అంతకు ముందు రోజే చదివి ఉంటే? అప్పుడు చేయి జారితే, జారిందని నమ్ముతాడా? చెప్పండి, మీరైతే నమ్ముతారా?

నా మాట ఇదే. పోస్టు వల్ల కంపెనీ పేరు పోతుంది, స్పాన్సర్ వెళ్లిపోతాడు అని పేపర్లో రాస్తారు. అవి నిజమే. అంతకంటే లోతుగా, ఆ పోస్టు వల్ల ఎదుటి మనిషి తన మెడను నీ చేతికి ఇవ్వడానికి జంకుతాడు. ప్రో రెజ్లర్‌కి ఆ ఒక్కటి పోయాక మిగతా నైపుణ్యం ఎంతున్నా ఏం లాభం?

లార్స్ సలివన్ సంగతి తీసుకుందాం. కొండలాంటి మనిషి. 2019 ఏప్రిల్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద షో రెసిల్‌మేనియా అయిన మర్నాడు వచ్చి కర్ట్ యాంగిల్ అనే రెజ్లర్ మీద దాడి చేసే సీనుతో పెద్ద ఎంట్రీ ఇచ్చాడు. కంపెనీ అతని మీద చాలా ఆశ పెట్టుకుంది. నెల తిరక్కుండానే అతను కొన్నేళ్ల కిందట ఇంటర్నెట్‌లో రాసిన రాతలు బయటికొచ్చాయి. నల్లజాతివాళ్ల మీద, స్వలింగ సంపర్కుల మీద, తోటి రెజ్లర్ల మీద కూడా. కంపెనీ లక్ష డాలర్ల జరిమానా వేసింది, ఇతరులను కించపరచకుండా మెలగడం నేర్పే సెన్సిటివిటీ ట్రైనింగ్‌కి పంపింది. అతను క్షమాపణ చెప్పాడు. ఆ మాటలకు సాకు లేదు, ఇప్పుడు తాను అలాంటి మనిషిని కాదు అన్నాడు.

అప్పుడు బిగ్ ఈ ఏమన్నాడో గుర్తు పెట్టుకోండి. బిగ్ ఈ నల్లజాతి రెజ్లర్, లాకర్ రూమ్‌లో, అంటే రెజ్లర్లంతా తయారయ్యే గదిలో, అందరూ ఇష్టపడే మనిషి. ట్విట్టర్‌లో ఎవరో అడిగితే చెప్పాడు, అతను ఏం రాశాడో ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసు, తాను కించపరిచిన మనుషులతో నిండిన లాకర్ రూమ్‌లోకి అతను నడిచి రావాలి, ఆ ఫలితం అతనే భరించాలి అని. చూశారా? జరిమానా గురించి మాట్లాడలేదు, కాంట్రాక్టు గురించి మాట్లాడలేదు. లాకర్ రూమ్ గురించి మాట్లాడాడు. లోపలి మనిషికి ఎక్కడ నొప్పి ఉందో తెలుసు.

తర్వాత సలివన్‌కి మోకాలి దెబ్బ తగిలింది, ఏడాది పైన ఇంట్లో ఉన్నాడు, 2020 చివర్లో తిరిగొచ్చాడు, 2021 ఆరంభంలో కంపెనీలో లేడు. అతని కెరీర్ ఆ పోస్టుల వల్లే పోయిందని నేను అనను. గాయం ఉంది, ఇంకా కారణాలు ఉన్నాయి. కానీ అంత పెద్ద ఎంట్రీ ఇచ్చిన మనిషి మొదటి నెల నుంచే తల దించుకుని నడవాల్సి వచ్చింది. అది మాత్రం ఆ రాతల వల్లే.

ఇక రెండో మనిషి జారా ష్రైబర్. 2015లో ఆమె ఎన్ఎక్స్‌టీలో, అంటే డబ్ల్యూడబ్ల్యూఈలో కొత్తవాళ్లు ఉండే మెట్టు మీద ఉంది. ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పాత పోస్టులు దొరికాయి. వాటిలో నాజీ గుర్తు. మన గుమ్మాల మీద వేసుకునే స్వస్తిక్ కాదు, హిట్లర్ జెండా మీదిది. ఆ సెప్టెంబరులోనే కంపెనీ ఆమెను తీసేసింది. జరిమానా లేదు, ట్రైనింగ్ లేదు, మళ్లీ అవకాశం లేదు.

సలివన్‌కి ట్రైనింగ్, ఈమెకు గేటు. ఇది న్యాయమా? నాకు ఇది న్యాయంగా అనిపించదు, దాచుకోకుండా చెబుతున్నాను. కంపెనీ లెక్కలో నువ్వెంత పెద్దవాడివి, నీ మీద ఎంత పెట్టుబడి ఉంది అన్నది కూడా శిక్షను తేలుస్తుంది. మీరు వెళ్లేది కింది మెట్టు నుంచి. కింది మెట్టు మీద ఉన్నవాడి పోస్టు బయటపడితే ఎవరూ ఆగి ఆలోచించరు. తల్లిదండ్రులు కూడా ఇది వినాలి.

ఇప్పుడు అందరికంటే పెద్దవాడి దగ్గరికి వద్దాం. హల్క్ హోగన్. ఆయనది పోస్టు కాదు, రహస్యంగా రికార్డైన మాటలు. నల్లజాతివాళ్ల మీద ఆయన అన్న నీచమైన మాటలు 2015 జులైలో బయటపడ్డాయి. జులై 24న కాంట్రాక్టు రద్దు చేశారు. హాల్ ఆఫ్ ఫేమ్ జాబితాలోంచి పేరు తీసేశారు. మూడేళ్లు. 2018 జులైలో తిరిగి చేర్చుకున్నారు, పిట్స్‌బర్గ్‌లో ఒక షో ముందు ఆయన లాకర్ రూమ్‌లో అందరి ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు.

కంపెనీ క్షమించింది. మరి లాకర్ రూమ్? నల్లజాతి రెజ్లర్ టైటస్ ఓ'నీల్ బహిరంగంగానే అన్నాడు, ఆ క్షమాపణలో నిజమైన పశ్చాత్తాపం తనకు కనిపించలేదని. రికార్డు అవుతోందని నాకు తెలియదు అని హోగన్ అన్న మాట టైటస్‌కు మింగుడు పడలేదు. ఎందుకు పడుతుంది? రికార్డు అవుతోందని తెలియకపోతే తప్పు ఎలా తగ్గుతుంది? దొరికిపోయినందుకు బాధ వేరు, ఎదుటివాడికి తగిలిన దెబ్బకు బాధ వేరు. ఇంకో నల్లజాతి రెజ్లర్ కోఫీ కింగ్‌స్టన్, తన ఇద్దరు సహచరుల తరఫున కూడా రాస్తూ, మాకు సంతోషమూ లేదు, కోపమూ లేదు అన్నాడు. హోగన్ మారడానికి నిజంగా ప్రయత్నిస్తే అప్పుడు మా అభిప్రాయం మారొచ్చేమో అన్నాడు. ఎంత మర్యాదగా, ఎంత గట్టిగా చెప్పాడో చూడండి.

2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర డబ్ల్యూడబ్ల్యూఈ వారం వారం చేసే 'రా' అనే షో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన రోజు హోగన్ వేదిక మీదికి వస్తే జనం అరిచి వెళ్లగొట్టినంత పని చేశారు. పదేళ్ల కిందట బయటపడ్డ ఆ మాటలు ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఆయన రాజకీయాలు కూడా ఉన్నాయి. ఆ ఏడాదే జులై 24న ఆయన చనిపోయాడు. కాంట్రాక్టు రద్దైన రోజుకి సరిగ్గా పదేళ్లు. మన చిన్నప్పుడు ట్రంప్ కార్డు మీద ఆ మీసాల బొమ్మ వస్తే ఎంత సంబరపడ్డాం! ఆ మనిషి గురించి రాసిన చాలా సంతాప వార్తల్లో ఆ మాటల ప్రస్తావన ఉంది.

అయితే బయటపడే దారే లేదా? ఉంది. 2020 జూన్‌లో సామీ గెవారా అనే కుర్రవాడు, డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలో రెజ్లర్, ఇలాగే దొరికాడు. 2016లో ఒక పాడ్‌కాస్ట్‌లో సాషా బ్యాంక్స్ అనే మహిళా రెజ్లర్ గురించి అత్యాచారం జోకు వేశాడు. జోకట! కంపెనీ జీతం ఆపి సస్పెండ్ చేసింది, ఆ జీతం జాక్సన్‌విల్‌లో మహిళల కోసం పనిచేసే సంస్థకు ఇస్తామంది, ట్రైనింగ్‌కి పంపింది. ఇవన్నీ కంపెనీ చేసినవి. అతను చేసింది ఏమిటంటే, ఆమెతో నేరుగా మాట్లాడాడు, ఆమెకే క్షమాపణ చెప్పాడు. తాము మాట్లాడుకున్నామని, అతను క్షమాపణ చెప్పాడని ఆమే అందరికీ తెలియజేసింది. కొన్ని వారాల తర్వాత అతను రింగులోకి తిరిగొచ్చాడు. ఆమె మాట్లాడటానికి ఒప్పుకోవడం ఆమె మంచితనం. ఒప్పుకోకపోయినా అది ఆమె హక్కు, మనం అడగడానికి లేదు.

మీకు బాగా తెలిసిన క్రికెట్‌లో కూడా చూడండి. ఇంగ్లండ్ బౌలర్ ఆలీ రాబిన్సన్. 2021 జూన్‌లో లార్డ్స్‌లో మొదటి టెస్టు ఆడుతున్న రోజే, అతను పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ల వయసులో రాసిన జాత్యహంకార ట్వీట్లు బయటికొచ్చాయి. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేశారు, అందులో ఐదింటిని రెండేళ్ల పాటు వాయిదాలో పెట్టారు. 3,200 పౌండ్ల జరిమానా. ఆగస్టుకల్లా హెడింగ్లీలో మన మీదే ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. వయసును లెక్కలోకి తీసుకున్నారు, తీసుకోవాలి కూడా. పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని నలభై ఏళ్ల మనిషిలా శిక్షించకూడదు. కానీ గమనించండి, బౌలర్ బంతి వేస్తాడు, బ్యాట్స్‌మన్ తన బ్యాటుతో తను కాచుకుంటాడు. రెజ్లర్‌కి ఆ వీలు లేదు. అందుకే ఇక్కడ తిరిగి రావడం ఇంకా కష్టం.

ఒక కుర్రవాడు నన్ను అడిగాడు, "సార్, విలన్ పాత్ర వేసేవాళ్లు మైకులో ఎన్ని తిట్లు తిడతారు! వాళ్లకు లేని తప్పు పోస్టుకి ఎందుకు?" మంచి ప్రశ్న. రెజ్లింగ్‌లో విలన్‌ని హీల్ అంటారు. హీల్ పని జనానికి కోపం తెప్పించడం. కానీ ఆ తిట్టు ఎదుటివాడికి ముందే తెలుసు, ఒప్పుకున్నాడు. తిట్టినవాడే పది నిమిషాల తర్వాత అతని మెడను కాపాడతాడు. పోస్టులో ఎవరు ఒప్పుకున్నారు? ఎవరిని కాపాడుతున్నావు?

ఈ మాట వచ్చింది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. పోస్టులు రాసేది రెజ్లర్లే కాదు, చూసేవాళ్లు కూడా. జపాన్‌లో హనా కిమురా అనే అమ్మాయి ఉండేది. స్టార్‌డమ్ కంపెనీలో రెజ్లర్, వాళ్లమ్మ క్యోకో కూడా రెజ్లరే. హనా ఒక రియాలిటీ షోలో పాల్గొంది. తన రింగు డ్రెస్సు ఇంకొకరి పొరపాటు వల్ల పాడైతే ఆమె కోప్పడిన ఎపిసోడ్ వచ్చింది. అంతే, రోజూ తిట్లు, చావమని మెసేజ్‌లు. 2020 మే 23న ఆమె ప్రాణం తీసుకుంది. ఇరవై రెండేళ్లు. మెసేజ్‌లు పెట్టినవాళ్లలో ఒకడికి కోర్టు వేసిన జరిమానా ఎంతో తెలుసా? 9,000 యెన్లు. మన లెక్కలో ఆరు వేల రూపాయలు దాటదు. ఆ తల్లి ఊరుకోలేదు, పోరాడింది. 2022లో జపాన్ చట్టం మార్చింది, అవమానించే నేరానికి ఏడాది వరకు జైలు, మూడు లక్షల యెన్ల వరకు జరిమానా పెట్టింది. చట్టం వచ్చింది, పిల్ల రాదు కదా.

మన హీరో సినిమా వచ్చినప్పుడు అవతలి హీరో ఇంట్లో ఆడవాళ్ల మీద ఏం రాస్తున్నారో, ఇక్కడున్న పిల్లల్లో చూడనివాళ్లు ఎవరు? రాసినవాళ్లు ఎవరని నేను అడగను. రాస్తున్నవాళ్లు ఇవాళే ఆపండి.

ఇక మన చెన్నై సంగతి. కొన్నేళ్ల కిందట నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు జతగా సాధన చేసేవాళ్లు. ఒకడు మన తెలుగు పిల్లవాడు, ఒకడు తమిళ పిల్లవాడు. చక్కటి జత. ఒక క్రికెట్ మ్యాచ్ రోజు మనవాడు ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో తమిళవాళ్లను, వాళ్ల రంగును కలిపి తిడుతూ ఏదో పెట్టాడు. ఇరవై నాలుగు గంటల్లో పోయేదే కదా అనుకున్నాడు. మర్నాడు సాధనలో ఆ తమిళ పిల్లవాడు పట్టు ఇవ్వడం లేదు. ఎత్తబోతే ఒళ్లు బిగబట్టేస్తున్నాడు. కుస్తీలో ఒళ్లు బిగబట్టి పడితే దెబ్బ తగులుతుంది. ఏమైంది రా అని అడిగితే ఏమీ లేదు సార్ అన్నాడు. మనవాడు పోస్టు తీసేశాడు, గ్రూపులో సారీ పెట్టాడు, అయినా ఆ ఒళ్లు వదులవ్వలేదు. చివరికి నేను పంపితే వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందు కూర్చుని, మాట్లాడి వచ్చాడు. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు పట్టింది.

బస్సులో ఎవరైనా తెలుగువాళ్లమని ఎగతాళిగా మనల్ని గొల్టి అంటే మనకు ఎలా ఉంటుంది? ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో ఆ మాట పడనివాళ్లు తక్కువ. అది ఎక్కడ తగులుతుందో తెలిసిన మనం ఇంకొకరిని అనవచ్చా?

కొందరు నన్ను వాక్ స్వాతంత్ర్యం గురించి అడుగుతారు. నెట్‌లో అభ్యంతరకరమైన పోస్టు పెడితే జైలుకి పంపే 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది, చాలా మంచి పని చేసింది. పోస్టు పెట్టినందుకు ఆ సెక్షన్ కింద పోలీసు వచ్చి పట్టుకుపోకూడదు. కానీ పోలీసు రాకపోవడం వేరు, నీతో రింగులోకి దిగడానికి ఇంకొకడు ఒప్పుకోవడం వేరు. ఎవరి మెడ మీదా మనకు హక్కు ఉండదు.

ఇందాక టీ తాగేటప్పుడు ఒక తండ్రి అడిగారు, "మా వాడికి పదహారేళ్లు, పాత పోస్టులు ఉన్నాయి, తీసేయమనమంటారా?" అని. తీసేయమనండి. కానీ తీసేస్తే పోయిందని అనుకోవద్దు. స్క్రీన్‌షాట్ ఎవరి ఫోన్‌లో ఉందో మనకు తెలియదు. అందుకని తీసేసే ముందు వాడి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదవండి. కోప్పడకుండా చదవండి, కోప్పడితే దాచేస్తాడు. అందులో ఒక మనిషి పేరు ఉంటే, ఆ మనిషి దగ్గరికి వాణ్ని పంపండి, ఇప్పుడే, ఎవరూ బయటపెట్టకముందే. ఒక కులాన్నో మతాన్నో భాషనో అన్నది ఉంటే, వాడితో రోజూ ఆడేవాళ్లలో, సాధన చేసేవాళ్లలో ఆ కులంవాళ్లు, ఆ భాషవాళ్లు ఎవరున్నారో వాడినే చెప్పమనండి. వాళ్లకు వాడే చెప్పాలి, నేను ఇలా రాశాను, తప్పు అని. కోచ్‌కి కూడా చెప్పాలి. నా దగ్గరికి అలా వచ్చి చెప్పిన ఏ పిల్లవాడినీ నేను ఇంతవరకు తీసేయలేదు, తీసేయను కూడా.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి, ముందు నువ్వు అడుగమ్మా.